ఎండలో తీసిన విమానం ఫొటోలు పాడవుతున్నాయా? ఆర్కే బీచ్‌లో ముందు చూసుకోవాల్సినవి

షట్టర్ స్పీడ్, అపర్చర్, ఐఎస్ఓ అంటే ఏంటో తెలిసినవాళ్ల కోసం రాస్తున్నాను. బీచ్ రోడ్‌లో నేవీ విన్యాసాలు జరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు మెమరీ కార్డు తెచ్చి చూపించి, లెన్స్ మార్చేయాలా అని అడుగుతారు. చాలావరకు లెన్స్‌లో ఏ లోపమూ ఉండదు. చూసుకోవాల్సిన చిన్న సంగతి ఒకటి చూసుకోకుండా వదిలేసి ఉంటారు.

ఇంకో మాట. ఎయిర్‌పోర్ట్ దగ్గర గోడ పక్కన నిలబడి తీద్దామని అనుకోవద్దు. మన విశాఖ నగరంలోని విమానాశ్రయం నేవీ వాళ్ల ఎయిర్ బేస్ ఐఎన్ఎస్ డేగాలో ఉంది. అక్కడ ఫొటోలు తీయడం నిషేధం. విన్యాసాలప్పుడు బీచ్ నుంచే తీయండి. మిగతా రోజుల్లో ప్రాక్టీస్ కావాలంటే టీయూ-142 విమాన మ్యూజియం ఉండనే ఉంది.

విమానం నల్లగా వస్తోంది

సెట్టింగ్స్ జోలికి వెళ్లే ముందు మీ నీడ ఎటు పడుతోందో చూడండి. నీడ విమానం వైపు పడుతుంటే ఎండ మీ వెనక నుంచి వస్తున్నట్టు. నీడ మీ వెనక్కి పడుతుంటే ఏ కెమెరా అయినా నల్లగానే ఇస్తుంది. ఒక్క క్షణం పట్టే ఈ పని ఎవరూ చేయరు, నాకు బాధ కలిగించేది అదే.

ఆర్కే బీచ్‌లో సముద్రం ఆగ్నేయం వైపు ఉంటుంది. ఉదయం సూర్యుడు నీళ్ల మీదే ఉంటాడు కాబట్టి సముద్రం వైపు తీసిందంతా ఎదురెండే. నేవీ డే వచ్చే డిసెంబర్ మొదటి వారంలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు నైరుతిలో, హోరిజాన్‌కి సుమారు 17 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. సముద్రం వైపు తిరిగి నిలబడితే ఎండ మీ కుడి భుజం మీద పడుతుంది. అంటే కుడివైపు, డాల్ఫిన్స్ నోస్ దిక్కు అంతా ఎదురెండ. ఎడమవైపు, కైలాసగిరి దిక్కు మంచి వెలుతురు. హాక్ జెట్ డాల్ఫిన్స్ నోస్ వైపు నుంచి వస్తుంటే అందరూ అక్కడే బటన్ నొక్కిపెట్టేస్తారు. తీరా అది ఎండ పడే చోటికి వచ్చేసరికి బఫర్ (ఫొటోలు కార్డులోకి వెళ్లేలోగా ఆగే చోటు) నిండిపోయి కెమెరా ఆగిపోతుంది. కాస్త ఓపిక పట్టండి. అది మీ ఎదురుగా వచ్చాక మొదలుపెట్టి, ఎడమవైపు వెళ్తున్నంతసేపూ తీయండి.

వేసవిలో లెక్క వేరు. మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. అప్పుడు రెక్కల పైభాగం మెరుస్తుంది, మనకి కనిపించే అడుగు భాగం చీకటి. నాలుగు దాటాక వెళ్లండి, ఆ నెలల్లో సాయంత్రపు ఎండ పూర్తిగా వీపు మీదే ఉంటుంది.

దిక్కు సరిగా ఉన్నా ఇంకా నల్లగా వస్తుంటే మీటర్ ఆకాశాన్ని చూసి మోసపోతోంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ 2/3 నుంచి ప్లస్ 1 వరకు పెట్టండి.

మాన్యువల్‌లోనే తీశాను, అయినా ఒకటి నల్లగా, ఇంకోటి తెల్లగా

అసలు ఈ వ్యాసం రాస్తున్నదే దీని కోసం. ఏళ్ల తరబడి తీస్తున్నవాళ్లు కూడా ఇందులో ఇరుక్కుంటారు.

డయల్ ఎం మీద ఉంది. షట్టర్ 1/1600, అపర్చర్ ఎఫ్ 5.6. రెండూ కదల్లేదు. కానీ ఐఎస్ఓ ఆటోలో ఉండిపోయింది. ఇక అది పేరుకే మాన్యువల్. హెలికాప్టర్ ఆకాశంలో ఉన్నప్పుడు వెనకంతా వెలుగు కాబట్టి కెమెరా ఐఎస్ఓని 100కి దించేస్తుంది, హెలికాప్టర్ నల్లబడుతుంది. అదే కిందికి దిగి నీళ్ల మీదుగా వెళ్తే వెనక ముదురు రంగు వస్తుంది, ఐఎస్ఓ 640కో 800కో ఎగబాకుతుంది, ఎండ పడే వైపు తెల్లగా కాలిపోతుంది. ఈ రెండు ఫ్రేముల మధ్య హెలికాప్టర్ మీద పడే ఎండ ఏమాత్రం మారలేదు. మారింది వెనకున్నది మాత్రమే. విమానం ఫొటోలో మనం కొలవాల్సింది దాని మీద పడే ఎండని, వెనకున్న ఆకాశాన్ని కాదు.

"ఐఎస్ఓ 200 నేనే పెట్టాను కదా" అంటారు. నికాన్‌లో ఆటో ఐఎస్ఓ ఆన్‌లో ఉంటే, మీరు పెట్టిన 200 కనీస విలువగా మాత్రమే పనిచేస్తుంది. పైకి ఎంతవరకు వెళ్లాలో కెమెరా చూసుకుంటుంది. అందుకని డయల్ తిప్పితే సరిపోదు, మెనూలోకి వెళ్లి ఆటోని ఆఫ్ చేయాలి. కెనాన్, సోనీల్లో ఐఎస్ఓ దగ్గర ఆటో అని కాకుండా అంకె ఎంచుకోవాలి.

ఇంకో మెలిక ఉంది. సీ1, యూ1 లాంటి కస్టమ్ మోడ్‌లో (మనం ముందే సేవ్ చేసుకున్న సెట్టింగ్స్‌తో) తీసేవాళ్లు ఆటో ఆఫ్ చేసి, షో మొదలయ్యేదాకా ఎదురుచూస్తుంటారు. ఈలోగా కెమెరా నిద్రపోతుంది, లేదా బ్యాటరీ కోసం మనమే ఆపేస్తాం. మళ్లీ ఆన్ చేసేసరికి కొన్ని మోడళ్లలో పాత సెట్టింగ్ తిరిగొచ్చేస్తుంది, ఆటో ఐఎస్ఓతో సహా. మార్చిన సెట్టింగ్‌ని ఆ మోడ్‌లోనే మళ్లీ సేవ్ చేస్తే తప్ప నిలవదు.

చెక్ చేయడం తేలిక. షట్టర్ బటన్ సగం నొక్కి కెమెరాని ఆకాశం వైపు చూపండి. వ్యూఫైండర్ అడుగున ఉన్న ఐఎస్ఓ అంకె గుర్తుపెట్టుకోండి. బటన్ వదిలి, ఇసుక వైపో ముదురు చొక్కా వేసుకున్న మనిషి వైపో తిప్పి మళ్లీ సగం నొక్కండి. అంకె మారిందంటే దొంగ దొరికినట్టే. ఇప్పటికే తీసేసిన ఫొటోలైతే వరసగా నాలుగైదింటి వివరాలు తెరిచి ఐఎస్ఓ చూడండి.

ఆటో ఆఫ్ చేశాక, అదే ఎండ పడుతున్న పచ్చగడ్డి మీద మీటర్ చూసుకుని లాక్ చేసేయండి. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికి, మబ్బు లేకపోతే ఐఎస్ఓ 400, ఎఫ్ 5.6, 1/1600 దగ్గర మొదలుపెట్టండి. నేవీ బూడిద రంగు విమానాలకి అది సరిపోతుంది. తెల్లటి విమానమైతే 1/2000 లేదా 1/2500. ఇక ఆకాశమైనా, నీళ్లయినా, ఓడ ముందు నుంచి వెళ్లినా ముట్టుకోవద్దు. సూర్యుడికి మబ్బు అడ్డొస్తే మార్చండి. డిసెంబర్‌లో ఐదుంబావుకల్లా దాదాపు అస్తమయమే కాబట్టి నాలుగున్నర దాటాక కాసేపటికోసారి మీటర్ మళ్లీ చూసుకోండి. ఐఎస్ఓ అంకె స్థిరంగా ఉన్నప్పుడు మాన్యువల్‌లో కాంపెన్సేషన్ తిప్పినా ఎక్స్‌పోజర్ మారదు, దానితో కుస్తీ పట్టకండి.

పాలు పోసినట్టు వెలిసిపోతోంది

ఎక్స్‌పోజర్ తగ్గించినా ఇది పోదు. లెన్స్ ముందున్న యూవీ ఫిల్టర్‌ని ఏటవాలుగా వెలుతురుకి పెట్టి చూడండి. బీచ్‌లో గంట నిలబడితే ఉప్పు తుంపర సన్నటి పొరలా పట్టేస్తుంది. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఊదండి, తర్వాత తడి లెన్స్ వైప్‌తో తుడవండి. ఏసీ కారులోంచి దించిన వెంటనే అయితే అది ఆవిరి. కెమెరాని బ్యాగ్‌లోనే ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వండి. ఇవేవీ కాకపోతే దూరం, గాల్లో తేమ. విమానం దగ్గరకి వచ్చేదాకా ఆగడం తప్ప చేసేదేమీ లేదు.

ప్రొపెల్లర్ ఆగిపోయినట్టుంది

షట్టర్ స్పీడ్ ఎక్కువైంది. డోర్నియర్ లాంటి ప్రొపెల్లర్ విమానానికి 1/250, హెలికాప్టర్‌కి 1/160 చాలు. ఎండలో ఐఎస్ఓ 100కి దించి, ఎఫ్ 11 దాకా మూయండి. ఇంకా వెలుతురు ఎక్కువైతే పోలరైజర్ ఫిల్టర్ ఒకటిన్నర, రెండు స్టాపులు తగ్గిస్తుంది. దానితో కాక్‌పిట్ అద్దాల మీద రంగుల చారలు రావచ్చు, అలా వస్తే కాస్త తిప్పండి.

స్క్రీన్‌లో బాగుంది, ఇంటికెళ్లి చూస్తే తెల్లగా ఉంది

ఎండలో స్క్రీన్‌ని నమ్మొద్దు. హిస్టోగ్రామ్, మరీ తెల్లబడిన చోట్లని మిణుకుమనిపించే హైలైట్ వార్నింగ్ ఆన్‌లో పెట్టుకోండి. రెక్క మీద మెరుపు ఒక చుక్క మిణుకుమంటే పర్వాలేదు, బాడీ మొత్తం మిణుకుమంటే తగ్గించాలి.

అపర్చర్ బ్లేడ్లు అంటుకుపోవడం, షట్టర్ అరిగిపోవడం లాంటివి ఉంటాయి గానీ అరుదు. ప్రొపెల్లర్ రెక్కలు వంకరగా వస్తే ఎలక్ట్రానిక్ షట్టర్ ఆపి మెకానికల్‌కి మార్చండి, సరిపోతుంది.