ఇండీ గేమ్‌కు పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే

ఇండీ గేమ్ అంటే పెద్ద కంపెనీ అండ లేకుండా సొంతంగా చేసే ఆట. దానికి కోడ్ మొదలుపెట్టే ముందే లెక్క వేయండి. ధర 10 డాలర్లు అనుకుందాం. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ 30 శాతం తీసుకుంటే మిగిలేది 7. పన్నులు, రీఫండ్‌లు, డిస్కౌంట్లు, దేశాన్ని బట్టి తగ్గే ధరలు కూడా పోతే కాపీకి 5 డాలర్లు మిగిలాయనుకోండి. మీ జీతంతో కలిపి 30,000 డాలర్లు ఖర్చయితే 6,000 కాపీలు అమ్మితేనే అసలు దక్కుతుంది. చాలామంది తమ జీతాన్ని ఈ లెక్కలో వేసుకోరు. అక్కడే మునుగుతారు.

స్టీమ్‌లో పెట్టే ఒక్కో ఆటకు 100 డాలర్ల రుసుము కట్టాలి. విడుదలకు కనీసం రెండు వారాల ముందు ‘త్వరలో’ పేజీ ఉండాలన్నది నిబంధన, కానీ ఆ రెండు వారాలు ఏ మూలకూ చాలవు. ఆటలో చూపించదగ్గ దృశ్యం సిద్ధమవగానే, నెలల ముందే పేజీ తెరిచి విష్‌లిస్ట్‌లు (తర్వాత కొనాలని ఆటను దాచుకున్నవాళ్ల సంఖ్య) పోగుచేయండి. విడుదల రోజు అలా దాచుకున్నవాళ్లకు ఈమెయిల్ వెళ్తుంది. తొలి రోజుల అమ్మకాలు బాగుంటేనే స్టోర్ కొత్తవాళ్లకు ఆటను చూపిస్తుంది.

ట్రైలర్‌లో లోగోలు తీసేసి, మొదటి ఐదు సెకన్లలోనే ఆడే తీరు చూపండి. రాబోయే ఆటల డెమోలతో స్టీమ్ జరిపే నెక్స్ట్ ఫెస్ట్‌లో ఒక ఆటకు ఒక్కసారే అవకాశం. డెమో పచ్చిగా ఉంటే ఆగండి.

రెండు గంటల లోపు ఆడి, కొన్న 14 రోజుల్లో అడిగితే రీఫండ్ ఇస్తారు. కాబట్టి ఆటలో మొదటి అరగంటను మిగతా భాగాలన్నిటికన్నా ఎక్కువ సార్లు పరీక్షించండి. పది సమీక్షలు వచ్చేదాకా పేజీలో రేటింగే కనిపించదు. ఆ తొలి సమీక్షల కోసం, డెమో ఆడినవాళ్లకు విడుదల తేదీ ముందే చెప్పి ఉంచండి.