మలయాళం డిస్‌ప్లే ఫాంటుతో (హెడ్డింగులకు వాడే పెద్ద అక్షరాల ఫాంటుతో) పోస్టర్ ఎలా చేయాలి?

ఓణం దగ్గరపడితే హైదరాబాద్, బెంగళూరుల్లోని మన డిజైనర్లకు కూడా మలయాళం పోస్టర్ల పని తగులుతుంటుంది. చదవడం రాకపోయినా చేయొచ్చు. కాకపోతే ఫాంటు ఎంత అందంగా ఉందన్నది తర్వాతి సంగతి, అది అక్షరాలను సరిగ్గా కూరుస్తోందా లేదా అన్నదే ముందు చూడాలి.

మ్యాటర్‌ను ఫొటోగా కాకుండా టెక్స్ట్‌గా పంపమనండి. భాష రాకుండా ఫొటో చూసి టైప్ చేస్తే తప్పు ఎక్కడ దొర్లిందో కూడా మీకు తెలియదు.

ఇక ఫాంటు. మలయాళం ఫాంట్లు తయారుచేసే స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అనే బృందం సైట్‌లో ఉచితంగా దొరికేవే చాలు, ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి కమర్షియల్ పనికీ వాడుకోవచ్చు. హెడ్డింగ్ బరువుగా కావాలంటే ఉరూబ్, అలంకారంగా కావాలంటే ద్యుతి, చేతిరాతలా ఉండాలంటే చిలంక. కింద చిన్న అక్షరాలకు మాత్రం మంజరి పెట్టండి, ద్యుతితో అడ్రస్ రాస్తే ఎవరూ చదవరు. ఎంఎల్-టీటీ రేవతి, కార్తిక లాంటి పాతవి మన తెలుగు డీటీపీలో వాడే అను ఫాంట్ల బాపతే, యూనికోడ్ టెక్స్ట్ (ఫోన్లలో, వెబ్‌లో మామూలుగా టైప్ చేసేది) పేస్ట్ చేస్తే పనిచేయవు.

ఇన్‌స్టాల్ చేశాక సెట్టింగ్ మార్చాలి, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. ఇల్లస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్, టైప్‌లోకి వెళ్లి షో ఇండిక్ ఆప్షన్స్ టిక్ చేసి, పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో సౌత్ ఏషియన్ అని ఉన్న కంపోజర్ (అక్షరాలను కూర్చే పద్ధతి) ఎంచుకోండి. ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ కంపోజర్. ఇంక్‌స్కేప్‌లో ఈ గొడవే లేదు.

తర్వాత మూడు మాటలు పేస్ట్ చేసి చూడండి: కేరళం (കേരളം), స్నేహం (സ്നേഹം), ఓణాశంసకళ్ (ഓണാശംസകൾ). మలయాళంలో ఎత్వం, ఏత్వం అక్షరం నెత్తిన కాకుండా ఎడమ పక్కన విడి గుర్తుగా వస్తాయి. అందుకే 'కేరళం'లో ఏత్వం గుర్తు మొదట కనిపించాలి, 'స్నేహం'లో అయితే 'స్న' మొత్తానికీ ఎడమన ఉండాలి, మధ్యలో దూరిందంటే కంపోజర్ మారలేదన్నమాట. మూడో మాట చివరి 'ళ్' మలయాళంలో 'చిల్లు' అనే అక్షరం, అంటే అచ్చు లేని హల్లుకు ఉండే ప్రత్యేక రూపం. చిల్లులకు యూనికోడ్‌లో సొంత కోడ్‌లు 2008లో వచ్చాయి, అంతకుముందు చేసిన ఫాంట్లలో దాని చోట డబ్బా కనిపించవచ్చు.

ఇక పాత లిపా, కొత్త లిపా అన్నది. కేరళ ప్రభుత్వం 1971లో లిపిని సరళం చేసింది. పాత లిపిలో ఉకారం, క్రావడి అక్షరంలో కలిసిపోతాయి, కొత్త లిపిలో విడిగా నిలబడతాయి. హెడ్డింగ్‌కు పాత లిపే నిండుగా ఉంటుందని నా అభిప్రాయం. అయితే ఒత్తులు కిందకి దిగుతాయి కాబట్టి లైన్ల మధ్య జాగా కాస్త ఎక్కువ వదలండి. ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఖాళీ) మాత్రం సున్నా దగ్గరే ఉంచండి, అది పెంచితే కలిసి ఉండాల్సినవి విడిపోయి చూడ్డానికి వికారంగా తయారవుతాయి. అక్షరాల చుట్టూ లావుగా స్ట్రోక్ (గీత) ఇచ్చినా గుండ్రటి అక్షరాల కడుపులు పూడిపోతాయి, నీడతో సరిపెట్టుకోవడం మేలు.

అంతా కుదిరాక టెక్స్ట్ ఉన్న ఫైలు ఒకటి విడిగా దాచుకుని, కాపీలో అక్షరాలను అవుట్‌లైన్స్‌గా (ఫాంటు అవసరం లేని బొమ్మలుగా) మార్చండి, లేదంటే ప్రెస్ వాళ్ల కంప్యూటర్‌లో వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది. ఆ కాపీనే ఇమేజ్‌గా తీసి మలయాళం చదివే మనిషికి పంపండి. 'బాగుందా' అని అడిగితే బాగుందనే అంటారు, అందుకని ప్రతి మాటా పైకి చదివి వాయిస్ మెసేజ్ పెట్టమనండి.