నర్లింగ్‌లో గీతలు రెండింతలు పడుతున్నాయా?

నర్లింగ్ అంటే చేతికి పట్టు దొరికేలా, లేత్ మీద తిరిగే జాబ్‌పై (పనిముక్కపై) పళ్ళ వీల్ ఒత్తి గీతలు వేయడం. లక్షణం: 1 మి.మీ. పిచ్ (పన్నుకీ పన్నుకీ మధ్య దూరం) వీల్ పెట్టారు, జాబ్ మీద మాత్రం అరమిల్లీమీటరు దూరంలో గీతలు వచ్చాయి. పట్టు లేదు, పైన పొట్టు లేస్తోంది.

ముందు చేయాల్సింది, దాదాపు ఎవరూ చేయనిది: వీల్ సగం వెడల్పు జాబ్ అంచు మీద ఉండేలా పెట్టి, గట్టిగా ఒత్తి, మెషిన్ ఆన్ చేయకుండా చక్‌ను (జాబ్‌ను పట్టుకునే భాగాన్ని) చేత్తో రెండు చుట్లు తిప్పండి. రెండో చుట్టులో పన్ను పాత గాట్లోనే పడితే ఫీడ్ వేయండి (వీల్‌ను జాబ్ పొడవునా జరపండి). పడకపోతే ఆపండి. ఈ చిన్న పని మానేసి, జాబ్ పాడయ్యాక "వీల్ బాలేదు" అంటారు!

మెత్తగా మొదలుపెట్టడం ఒక కారణం. టర్నింగ్ (టూల్‌తో లోహం కోసే పని) అలవాటుతో లోతు కొద్దికొద్దిగా ఇస్తారు. ఒత్తే వీల్ లోహాన్ని కోయదు, నొక్కి పైకి లేపుతుంది. మొదటి గాడి లోతుగా పడాలి.

అయినా రెండింతలే పడితే అసలు దొంగ బ్లాంక్ (నర్లింగ్‌కు ముందు ముక్క) వ్యాసం. జాబ్ చుట్టుకొలతలో పళ్ళు పూర్తి సంఖ్యలో పట్టాలి. డ్రాయింగ్‌లో నర్లింగ్ తర్వాత సైజు 20 మి.మీ. అని ఉంది, లోహం ఉబ్బుతుంది కదా అని 19.6కి కోశారనుకోండి. చుట్టుకొలత సుమారు 61.6. నిలువు గీతల వీల్‌కు దాదాపు 61న్నర పళ్ళు! రెండో చుట్టులో పన్ను దాదాపు రెండు గాట్ల మధ్యన దిగుతుంది. గట్టిగా ఒత్తితే వీల్ సర్దుకుంటుందని పాత టర్నర్లు అంటారు. కొద్ది తేడా అయితే నిజమే. సగం పన్ను తేడాకి అది ఎటూ సర్దుకోదు. అందుకే నిన్నటి సైజుకి బాగా వచ్చిన వీల్ ఇవాళ మొండికేస్తుంది, మనం వీల్‌ని తిడతాం.

లెక్క ఇంతే: పళ్ళ సంఖ్యను పిచ్‌తో గుణించి 3.1416తో భాగించండి. 61 పళ్ళకు 19.42 వస్తుంది, ఆ వ్యాసానికి కోయండి. 30 డిగ్రీల వాలు పళ్ళున్న వీల్స్‌తో డైమండ్ (అడ్డదిడ్డంగా కలిసే గీతల నమూనా) వేస్తుంటే పిచ్‌ను ముందు 1.155తో గుణించుకోవాలి.

డైమండ్‌లో ఒకవైపు గీతలే లోతుగా ఉంటే టూల్ సెంటర్ ఎత్తు చూడండి. పళ్ళలో పొట్టు ఇరుక్కుంటే మెషిన్ ఆపి వైర్ బ్రష్‌తో తీయండి, వీల్ తిరిగే పిన్‌కు ఆయిల్ వేయండి, పిన్ అరిగితే మార్చండి. పొడవాటి జాబ్‌కు రెండో చివర టెయిల్‌స్టాక్ (లేత్ ఆధారం) ఆనించాలని వేరే చెప్పక్కర్లేదు. వీల్ తయారీ లోపమా? అరుదు, చివర్లో చూసుకోవచ్చు.

పాడైన గీతల మీదే మళ్ళీ ఒత్తకండి. వీల్ ఆ తప్పు గాట్లనే పట్టుకుంటుంది. సైజు ఒప్పుకుంటే గీతలు పోయేదాకా తీసి 60 పళ్ళకు, అంటే 19.10కి తెచ్చి మళ్ళీ వేయండి. ఒప్పుకోకపోతే కొత్త ముక్క కోసుకోవాల్సిందే.