విశాఖలో పాత చిన్న రికార్డులను, వాటి కథలను సేకరించడం ఎలా?

ఏడు అంగుళాల వెడల్పుతో, నిమిషానికి 45 చుట్లు తిరిగే వినైల్ రికార్డును ఆర్‌సీఏ విక్టర్ సంస్థ 1949లో అమెరికాలో విడుదల చేసింది. ఒక్కో వైపు ఒక్కో పాట ఉంటే దాన్ని సింగిల్ అన్నారు. మన దేశంలో సినిమా పాటలకు ఎక్కువగా వాడుకలోకి వచ్చింది మాత్రం వైపుకు రెండేసి పాటలు పట్టే ఈపీ. ఈ రెండింటినీ పోగుచేయడానికి డబ్బుకన్నా ఓపిక ఎక్కువ కావాలి. రికార్డు చేతికి వచ్చిన రోజే దాని కథను రాసిపెట్టుకునే అలవాటు అంతకన్నా ముఖ్యం. పాట ఇవాళ ఫోనులోనూ దొరుకుతుంది కానీ, ఆ ఒక్క ప్రతి ఎవరింట్లో, ఏ సందర్భంలో మోగిందన్న సంగతి అడిగి రాసుకోకపోతే ఆ ఇంటి పెద్దవాళ్లతోనే పోతుంది.

ముందు పరిధి నిర్ణయించుకోండి

కనిపించిన ప్రతి రికార్డూ కొంటూ పోతే అల్మరా నిండుతుందే తప్ప సేకరణకు ఒక రూపం రాదు. విశాఖ వాసులకు చేతికందే పరిధి ఒకటుంది. శ్రీశ్రీ, ఆరుద్ర ఈ ఊళ్లోనే పుట్టారు. పి. సుశీల విజయనగరంలో పుట్టారు, ఘంటసాల అక్కడి సంగీత కళాశాలలో చదువుకున్నారు, సాలూరి రాజేశ్వరరావు ఆ పరిసరాలవారే. ఈ ఉత్తరాంధ్ర కవులు, గాయకులు, స్వరకర్తల చిన్న రికార్డులే ఒక జీవితకాలానికి సరిపోతాయి. పాప్ సంగీతం మీద మక్కువ ఉన్నవారు మన దేశంలో అచ్చయిన ఇంగ్లీషు పాటల సింగిల్స్‌ను ఎంచుకోవచ్చు. ఉషా ఉతుప్ 1968లో ఉషా అయ్యర్ పేరుతో ఇచ్చిన తొలి పాటలు ఈ కోవలోవే. ఏదో ఒక పరిధిలో కొంత పట్టు చిక్కాకే రెండోదానికి వెళ్లడం మంచిదని నా అభిప్రాయం.

వెతకాల్సిన చోట్లు

పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్ చుట్టుపక్కల పాత సామాన్లు కొనేవారికి, పాత పేపర్ల కొట్లవారికి మీ ఫోను నంబరు ఇచ్చి, రికార్డులు వస్తే ముందు మీకు చెప్పమని అడిగి ఉంచండి. వన్‌టౌన్, మహారాణిపేట, చినవాల్తేరు వంటి పాత పేటల్లో ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టేముందు అటకలు ఖాళీ చేస్తారు, అప్పుడు దొరికినన్ని రికార్డులు మామూలు రోజుల్లో దొరకవు. రైల్వే కుటుంబాలను అడగడం మరిచిపోవద్దు. వాల్తేరు డివిజన్ 2003లో తూర్పు కోస్తా రైల్వేలోకి మారేదాకా కలకత్తా కేంద్రంగా ఉన్న ఆగ్నేయ రైల్వేలో భాగం. గ్రామఫోన్ కంపెనీ కర్మాగారం ఉన్నదీ కలకత్తా శివారు డమ్‌డమ్‌లోనే కాబట్టి, ఉద్యోగం పనిమీద అక్కడికి వెళ్లినవారు రికార్డులు తెచ్చుకుని ఉండే అవకాశం ఉంది. ఓడల్లో పనిచేసినవారి ఇళ్లలోనూ విదేశీ సింగిల్స్ ఉండవచ్చు. వాటిలో అమెరికావాటికి నడుమ రంధ్రం అంగుళంన్నర ఉంటుంది కాబట్టి, మన ప్లేయర్ మీద పెట్టడానికి అడాప్టర్ కావాలి.

కొనేముందు పరీక్షించడం

రికార్డును అంచులు మాత్రమే తాకేలా రెండు అరచేతుల మధ్య పట్టుకుని, ట్యూబులైటు కిందికో కిటికీ దగ్గరికో తీసుకెళ్లి, వెలుతురు ఏటవాలుగా పడేటట్టు నెమ్మదిగా తిప్పాలి. వెంట్రుకవాసి గీతలున్నా పాట బాగానే వినిపించవచ్చు. గోటి కొనతో సుతారంగా తడిమితే తగిలే గీత మాత్రం ప్రతి చుట్టుకూ టక్కుమని మోగుతుంది. నల్లని నిగనిగ పోయి గాడులు బూడిదరంగుకు తిరిగి ఉంటే, అరిగిపోయిన ముల్లుతో దాన్ని చాలాకాలం వాయించారని అర్థం. ఎంత కడిగినా ఆ అరుగుదల పోదు.

తర్వాత మధ్య రంధ్రం చుట్టూ లేబులు కాగితాన్ని చూడండి. రికార్డును ప్లేయర్ మీద పెట్టేవారి చేయి నడిమి కడ్డీ కోసం తడుముకున్నప్పుడల్లా ఆ కాగితం మీద సన్నని మెరుపుచార పడుతుంది. రంధ్రం నుంచి బయటికి అలాంటి చారలు గజిబిజిగా అల్లుకుని ఉంటే ఆ పాటను ఆ ఇంట్లో ఎంత ఇష్టపడ్డారో వాటిని బట్టే తెలుస్తుంది. ఒక వైపు చారలు నిండుగా ఉండి, రెండోవైపు లేబులు కొత్తదానిలా ఉన్న ప్రతులూ ఉంటాయి. పెళ్లిళ్లకు, జాతరలకు మైకుసెట్లు అద్దెకిచ్చినవారి రికార్డులైతే లేబులు మీద పెయింటుతో అంకెలు, అట్ట మీద యజమాని ముద్ర ఉండవచ్చు. బజారులో అలాంటివాటికి విలువ తక్కువ. నేనైతే వాటిని వదలను, ఆ అంకెలను చెరపను కూడా. ఎందుకంటే ఊరందరూ కలిసి విన్న పాట ఆ ప్రతిమీదనే ఉంది.

వేగం, ముల్లు

ఏడు అంగుళాలవాటితో పాటు పది అంగుళాల 78 చుట్ల రికార్డులు కూడా తప్పక తగులుతాయి. అవి ఎక్కువగా లక్క కలిపి చేసినవి, చేయి జారితే పగిలిపోతాయి. చాలా దేశాల్లో 1960 ప్రాంతానికే వాటి కాలం చెల్లిపోగా, మన దగ్గర కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్లు ఇంకా వాడుకలో ఉండడంతో, 1960ల నడిమి వరకు బీటిల్స్ పాటలు కూడా 78లుగా అచ్చయ్యాయి. ప్రపంచమంతటా సేకర్తలు వాటికోసం వెతుకుతారు. వాటి గాడి వెడల్పు ఎక్కువ, అందుకే సుమారు 75 మైక్రాన్ల కొన ఉన్న ముల్లు కావాలి. చిన్న వినైల్ రికార్డులకు 18 నుంచి 25 మైక్రాన్ల ముల్లు సరిపోతుంది. ఒకదాని ముల్లుతో మరొకదాన్ని వాయించకూడదు. పాత ప్లేయర్ కొన్నా ముల్లు మాత్రం కొత్తది వేయించాలి.

లేబులు చదవడం

అట్టలు మారిపోతాయి కానీ లేబులు రికార్డుకే అతుక్కుని ఉంటుంది. కంపెనీ పేరు, కేటలాగు సంఖ్య, గాయకులు, రచయిత, స్వరకర్త, వలయంలో పీ అక్షరం పక్కన సంవత్సరం ఉంటే అదీ రాసుకోండి. పాట ముగిశాక లేబులు దాకా మిగిలే నున్నని భాగంలో ముద్రకు సంబంధించిన సంఖ్య చెక్కి ఉంటుంది. ఒకే పాట రెండు ప్రతుల్లో ఆ సంఖ్య వేరైతే అవి వేర్వేరు ముద్రణలు కావచ్చు.

లేబులు మీద ఉన్నదంతా నిజమని నమ్మేయకూడదు. 1949లో వచ్చిన హిందీ చిత్రం మహల్ పాట రికార్డు మీద లతా మంగేష్కర్ పేరుకు బదులు, కథానాయిక పాత్ర పేరైన కామిని అని వేశారు. అలాగే 78 రికార్డు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకే పట్టేది కాబట్టి, సినిమాలో పొడవైన పాటను రికార్డుకోసం కుదించడమో, రెండు వైపులకూ పంచడమో చేసేవారు. సినిమాలో ఉన్న చరణం రికార్డులో లేకపోతే ఆ తేడాను మీ పుస్తకంలో తప్పక రాయండి.

కథను రాబట్టడం

రెండు వైపులూ వినండి. బెంగళూరులో పుట్టిన బిడ్డూ 1974లో నిర్మించిన కుంగ్‌ఫూ ఫైటింగ్ పాటను మొదట రెండోవైపు నింపడానికే, స్టూడియోలో మిగిలిన కొద్దిసేపట్లో రికార్డు చేశారు. ప్రపంచమంతా మార్మోగింది అదే. మన ఈపీల్లోనూ పేరుపొందిన పాట వెనుక మరో మంచి పాట మరుగునపడి ఉంటుంది.

అమ్మేవారి ఇంటికి వెళ్లినప్పుడు ధర మాట్లాడకముందే, "ఇది ఎవరు కొన్నారండీ? ఎక్కడ కొన్నారు? దీన్ని ఎక్కువగా ఎవరు పెట్టుకునేవారు?" అని అడగండి. బేరం తెగాక మాట్లాడే ఓపిక ఎవరికీ ఉండదు. పెద్దవాళ్లు కూర్చుని ఉంటే ఆ పాట వినిపించి అడగడం ఇంకా మేలు. అట్ట మీద ఎవరైనా పేరు, తేదీ, "ప్రేమతో" అని రాసి ఉంటే దాన్ని ఫోటో తీయండి, ఎన్నడూ చెరపకండి.

విన్నదాన్ని సరిచూసుకోవడం సేకర్త బాధ్యత. 1962లో పెళ్లికి కొన్నామని చెప్పిన రికార్డులో 1966 నాటి సినిమా పాట ఉండవచ్చు. విశాఖ రేడియోలో విని కొన్నామంటే అది 1963కు ముందు కాకూడదు, ఆకాశవాణి విశాఖ కేంద్రం మొదలైంది ఆ ఏడే. అంతకుముందైతే 1948లో ప్రారంభమైన విజయవాడ కేంద్రమో, రేడియో సిలోనో అయి ఉండవచ్చు. పాత పత్రికల్లోని సినిమా ప్రకటనలతోనూ విడుదల తేదీలను పోల్చుకోవచ్చు. లెక్క పొసగకపోతే ఇంటివారి మాటను కొట్టేయకుండా, వారు చెప్పిందీ మీరు కనుక్కున్నదీ పక్కపక్కనే రాయండి.

శుభ్రం చేయడం, దాచడం

విశాఖలో రికార్డుకు పెద్ద శత్రువు తేమ. సముద్రపు గాలికి అట్టలు మెత్తబడతాయి, గాడుల్లో తెల్లని బూజు పడుతుంది. బూజు పట్టిన రికార్డును ఇంట్లోకి తేకముందే ఆరుబయట, ముక్కుకు మాస్కు కట్టుకుని మెత్తని బ్రష్‌తో దులపాలి. వినైల్ రికార్డునైతే డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల మృదువైన ద్రవ సబ్బు కలిపి, లేబులు తడవకుండా, గాడుల వెంట గుండ్రంగా తుడిచి, సబ్బులేని డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ కడిగి నీడలో నిలబెట్టి ఆరనివ్వాలి. బోరు నీళ్లలోని ఉప్పు గాడుల్లో పేరుకుపోతుంది కాబట్టి అవి పనికిరావు. లక్క రికార్డుల దగ్గరికి స్పిరిట్, ఆల్కహాల్ కలిసిన ద్రవాలేవీ రానివ్వకండి, లక్క వాటిలో కరుగుతుంది.

బూజు పట్టిన లోపలి కాగితం తీసేసి కొత్త పాలిథీన్ కవరు వేయండి. పాత అట్టను బాగా ఆరబెట్టి, రికార్డు వెనకే విడిగా ఉంచండి. రికార్డులను ఒకదానిమీద ఒకటి పేర్చకుండా, పక్కకు ఒరగకుండా నిలువుగా పెట్టాలి. వానకు చెమ్మగిల్లే గోడకు అల్మరాను ఆనించకూడదు. ఎండలో ఆపిన కారులో వదిలేస్తే రికార్డు వంగిపోతుంది. అల్మరాలో సిలికా జెల్ సంచులు ఉంచి, జూన్ నుంచి నవంబరు దాకా నెలకోసారి తీసి చూసి మారుస్తుండాలి. రికార్డు కవరు మీద పెన్సిలుతో ఒక వరుస సంఖ్య వేసి, అదే సంఖ్య కింద దాని కథను పుస్తకంలో రాసి, ఆ పుస్తకానికి ఒక నకలు మరో ఇంట్లో ఉంచండి.