ఇంట్లో మగవాళ్ళకొకటి, ఆడవాళ్ళకొకటి: హాస్పిటల్ కాగితాలు ముందే రాసిపెట్టుకోవడం ఎలా?

మా చుట్టాల్లో ఎవరు అడ్మిట్ అయినా అటెండర్ డ్యూటీ నాదే, ఎందుకో తెలీదు, అందరికీ నా నంబరే గుర్తొస్తుంది. అలా క్యాజువాలిటీ బయట ఇనప కుర్చీల్లో కూర్చుని కూర్చుని నాకు అర్థమైంది ఏంటంటే, మగవాళ్ళు వచ్చే కారణాలు వేరు, ఆడవాళ్ళు వచ్చే కారణాలు వేరు, అక్కడ డ్యూటీ డాక్టర్ అడిగే ప్రశ్నలు కూడా వేరు. ఆ ప్రశ్నలకి తడుముకోకుండా జవాబు చెప్పే మనిషి మాత్రం పక్కన ఉండరు. అందుకే ఇప్పుడు మా ఇంట్లో మనిషికో కాగితం రాసి పెట్టాను. ఎలా రాయాలో చెప్తాను, ఒక ఆదివారం సాయంత్రం చాలు.

1. ముందు అందరికీ కామన్‌గా ఉండేవి

పేరు, వయసు, బీపీ షుగర్ ఉన్నాయా, ఏ మందు పడదు, పాత ఆపరేషన్లు ఏంటి. వేసుకునే టాబ్లెట్ల పేర్లు రాయలేకపోతే షీట్ వెనక వైపు ఫోటో తీసుకోండి, "తెల్లది ఒకటి పొద్దున, పసుపుది రాత్రి" అంటే డాక్టర్‌కి ఏమీ తెలీదు. ఆరోగ్యశ్రీకి పనికొచ్చే కార్డు, ఆధార్, ఇన్సూరెన్స్ ఉంటే ఆ పాలసీ కాగితం, అన్నీ ఒకే కవర్లో.

2. మగవాళ్ళ కాగితం

మొదటి లైన్ యాక్సిడెంట్ గురించే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో పదిలో ఎనిమిది మందికి పైగా మగవాళ్ళే. కాబట్టి బండి నడిపే ప్రతివాడి ఫోన్ లాక్ స్క్రీన్ మీద ఎమర్జెన్సీ నంబర్ కనపడేలా పెట్టండి, ఫోన్ లాక్ ఉంటే 108 వాళ్ళు మాత్రం ఎవరికి చేస్తారు పాపం. (వెనక కూర్చునే ఆడవాళ్ళకి వేరే ప్రమాదం ఉంది, చున్నీ, చీర కొంగు చక్రంలో పడటం. బండికి శారీ గార్డ్ పీకేసిన వాళ్ళు మళ్ళీ పెట్టించండి.)

రెండో లైన్ తాగుడు గురించి. ఇది నిజం రాయాలి. మా బాబాయి బండి మీంచి పడి కాలు విరిగితే ఆపరేషన్‌కి అడ్మిట్ చేశాం, డాక్టర్ "అలవాటు ఉందా" అంటే మా పిన్ని "అబ్బే, ఎప్పుడన్నా పండక్కి" అంది. మూడో రోజు రాత్రి ఆయనకి చేతులు వణకడం, చెమటలు, గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరవడం, సెలైన్ పీకేసుకుని లేచి నడవబోయాడు. తలకి దెబ్బ తగిలిందేమో అని స్కానింగ్‌కి పరిగెత్తాం. తీరా చూస్తే రోజూ క్వార్టర్ పడే మనిషికి ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల వచ్చింది అది. రోజూ తాగేవాళ్ళకి మానేసిన రెండు మూడు రోజుల్లో ఇలా అయ్యే అవకాశం ఉంది, ప్రాణం మీదకి కూడా వస్తుంది, ముందే చెప్తే మందులు మొదలుపెడతారు. పిన్నిని నేనేమీ అనలేదు, పరువు అనుకుంది ఆవిడ. కానీ ఎంత, ఎన్నేళ్ళ నుంచి, ఆఖరిసారి ఎప్పుడు, ఈ మూడూ కాగితంలో ఉండాలి. బీడీ సిగరెట్ కూడా.

ఇక గజ్జల్లో హెర్నియా, మగవాళ్ళకే చాలా ఎక్కువ, సిగ్గుతో లుంగీ కింద దాచుకుని ఏళ్ళు గడిపేస్తారు. వాపు లోపలికి పోకుండా గట్టిపడి నొప్పి, వాంతులు వస్తే అదే రోజు హాస్పిటల్. యాభై దాటిన వాళ్ళకి ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) పెరగడం వల్ల ఒంటేలు పూర్తిగా ఆగిపోతే అది కూడా ఎమర్జెన్సీయే, బార్లీ నీళ్ళు తాగించి కూర్చోకండి.

3. ఆడవాళ్ళ కాగితం

20 నుంచి 35 ఏళ్ళ ఆడవాళ్ళ అడ్మిషన్లలో కాన్పులదే పెద్ద వాటా, అవి తీసేసి చూస్తేనే మిగతా జబ్బులు కనపడతాయి. రక్తం తక్కువ, యూరిన్ ఇన్ఫెక్షన్, గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు, థైరాయిడ్, పెద్దయ్యాక తుంటి ఎముక విరగడం, ఇవన్నీ ఆడవాళ్ళకి ఎక్కువ. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంటే మగవాళ్ళలో 25 శాతం మందికే. కాబట్టి హిమోగ్లోబిన్ ఆఖరిసారి ఎంత వచ్చిందో, తేదీతో సహా రాయండి.

నెలసరి ఆఖరిసారి ఎప్పుడొచ్చిందో కూడా ఉండాలి. కడుపునొప్పితో వెళ్తే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేస్తామంటారు, "ఆపరేషన్ అయిపోయింది కదా, ఎందుకు" అని గొడవ పెట్టుకోకండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యాక గర్భం రావడం అరుదు, వస్తే మాత్రం గర్భసంచిలో కాకుండా పక్కనుండే ట్యూబ్‌లో నిలిచే అవకాశం ఎక్కువ, అది పగిలితే లోపల రక్తస్రావం.

ఇప్పుడు అసలు సంగతి, గుండె. మా అత్తయ్యకి 63 ఏళ్ళు, షుగర్ ఉంది. ఒకరోజు పొద్దున్నే దవడ లాగుతోంది, ఆయాసంగా ఉంది, వికారం అంది, ఈనో కలుపుకుని తాగి, చెమట కొంగుతో తుడుచుకుంటూ ఇడ్లీ వేసింది, మామయ్యకి చట్నీ కూడా రుబ్బింది. మధ్యాహ్నం ఈసీజీ తీస్తే హార్ట్ ఎటాక్. ఆడవాళ్ళకైనా ఛాతీలో నొప్పే ముఖ్యమైన లక్షణం, కానీ దాంతోపాటు, ఒక్కోసారి అది లేకుండానే, ఆయాసం, వికారం, దవడ, వీపు నొప్పి, విపరీతమైన నీరసం వాళ్ళలో ఎక్కువ కనపడతాయి. 52 దేశాల్లో చేసిన ఒక పెద్ద స్టడీ 2004లో వచ్చింది, మొదటి ఎటాక్ ఆడవాళ్ళకి మగవాళ్ళ కంటే సుమారు 9 ఏళ్ళు ఆలస్యంగా వస్తుందని. ఆలస్యంగా వస్తుంది అంతే, రాదని కాదు. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి: గ్యాస్ అనిపించినా ముందు ఈసీజీ. హాస్పిటల్‌కి వెళ్ళిన 10 నిమిషాల్లో అది తీయాలని డాక్టర్ల గైడ్‌లైన్స్ చెప్తాయి, తీయకపోతే మొహమాటం లేకుండా అడగండి.

4. గర్భసంచి తీసేద్దాం అంటే

దీనికి వేరే స్టెప్ ఎందుకంటే మన దగ్గర లెక్క అలా ఉంది. పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే దేశం మొత్తం మీద 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు 3 శాతం పైచిలుకు, ఆంధ్రా తెలంగాణల్లో 8 శాతం పైనే. ఊళ్ళో తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని కూడా తీయించేసుకున్నవాళ్ళు నాకే నలుగురు తెలుసు. వేరే రాష్ట్రాల్లో అనవసర ఆపరేషన్ల మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలూ కేంద్రం గైడ్‌లైన్స్ పాటించాలని కోర్టు చెప్పింది.

నిజంగా అవసరమయ్యే కేసులు ఉంటాయి, క్యాన్సర్ లాంటివి, వాటికి ఆలస్యం చేయకూడదు. మిగతావాటికి అడగాల్సినవి: రిపోర్ట్‌లో జబ్బు పేరు ఏంటి, మందులతో గానీ గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్‌తో గానీ తగ్గదా, అండాశయాలు ఉంచుతారా తీస్తారా. ఆఖరిది ఎవరూ అడగరు. చిన్న వయసులో అండాశయాలు రెండూ తీసేస్తే నెలసరి ఆగిపోయే దశ ఒక్కసారిగా వచ్చేస్తుంది, ఎముకలు గుల్లబారతాయి, పైన చెప్పిన తుంటి ఎముక సంగతి అక్కడి నుంచే తొందరగా మొదలవుతుంది. రక్తం విపరీతంగా పోతూ ఉంటే తప్ప ఆ రోజే సంతకం పెట్టక్కర్లేదు, ఇంకో చోట చూపించుకుని రావచ్చు.

5. ఎవరు తీసుకెళ్తారో రాయండి

మగవాళ్ళకి జ్వరమొస్తే ఇల్లంతా కదులుతుంది. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి పిల్లల స్కూలు, మామగారి భోజనం, బర్రెలు, ఆఖర్న "రేపు చూద్దాంలే". ఢిల్లీ ఎయిమ్స్ 2016 ఓపీ రికార్డుల మీద చేసిన స్టడీలో ఒక్కో ఆడ పేషెంట్‌కి 1.69 మంది మగ పేషెంట్లు లెక్కతేలారు, దూరం నుంచి రావాల్సిన కొద్దీ ఆ తేడా ఇంకా పెరిగింది. అందుకే మా అమ్మ కాగితం కింద మూడు లైన్లు రాశాను: నేను లేకపోతే ఎదురింటి ఆటో అతని నంబర్, డబ్బులు బియ్యం డబ్బా పక్కన స్టీలు డబ్బాలో, ఆ పూట వంట నాన్న చూసుకుంటాడు. నాన్న చదివి కాసేపు మాట్లాడలేదు, తర్వాత "కుక్కర్‌కి ఎన్ని విజిల్స్ రావాలి" అని అడిగాడు, అది కూడా కింద రాశాను.