అలిపిరి మెట్లపై సూర్యోదయం: చీకటితో బయల్దేరేవాళ్లకు జాగ్రత్తలు

రాత్రంతా గోవింద నామాలు చెప్పుకుంటూ మెట్లెక్కి, తెల్లారేసరికి తిరుమల కొండమీద ఉండాలన్నది చాలామంది మొక్కు. ఇప్పుడది పాత పద్ధతిలో కుదరదు. 2023 జూన్‌లో ఈ దారిలో ఒక పసివాడి మీద చిరుత దాడి చేసింది. ఆగస్టులో లక్ష్మీనరసింహస్వామి గుడి దగ్గర ఆరేళ్ల పాపను పొట్టనబెట్టుకుంది. ఆ తర్వాతే రాత్రిపూట నడకదారి మూయడం, మధ్యాహ్నం రెండు దాటాక చిన్నపిల్లలను పంపకపోవడం మొదలయ్యాయి. తెల్లవారుజామున నాలుగుకు వదులుతారా, అయిదుకా అన్నది మారుతూ ఉంటుంది. ముందురోజే కనుక్కోండి. శ్రీవారి మెట్టు అనే రెండో నడకదారి వైపు 2,388 మెట్లే కదా, తొందరగా అయిపోతుందని అనుకోవద్దు. అది పగటి దారి, నిటారుగా కూడా ఉంటుంది.

అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. మామూలుగా మూడు నుంచి నాలుగు గంటలు పడుతుంది. చీకట్లో బయల్దేరి, సూర్యుడు పొడిచేలోపు పైకి చేరాలని లెక్కేసుకున్నవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు. సూర్యోదయాన్ని గాలిగోపురం దగ్గర చూడాలని పెట్టుకోండి. ఊళ్లోంచి చూస్తే రాత్రిళ్లు శంఖుచక్రనామాల దీపాలు వెలిగేది అక్కడే. మే నెలాఖరులో తిరుపతిలో సూర్యోదయం 5:45 ప్రాంతంలో, జనవరి నడుమ 6:40 ప్రాంతంలో అవుతుంది. దారి మొదట్లోని పాదాల మండపం నుంచి గాలిగోపురానికి గంటన్నర వేసుకుంటే, ఎండాకాలం నాలుగుకు, చలికాలం అయిదుకు కదిలినా సరిపోతుంది. పరుగు అవసరం లేదు.

మొదటి రెండు వేల మెట్లు

మొత్తం ఎక్కుడులో సగానికి పైగా గాలిగోపురం లోపే ఉంది. కాళ్లు తాజాగా ఉంటాయి, గాలి చల్లగా ఉంటుంది, పక్కవాళ్లు చకచకా పోతుంటారు. అందుకే మొదటి మూడు వందల మెట్లు గబగబా ఎక్కేసి, తలయేరు గుండు అనే బండరాయి దాటాక కూలబడిపోతారు. మొదటినుంచీ మెట్టుకు రెండు సెకన్లు, వంద మెట్లకొకసారి ఒక నిమిషం నిలబడడం. ఈ లెక్కన రెండు వేల మెట్లకు దాదాపు గంటన్నరే అవుతుంది. వేగం సరిగా ఉందో లేదో చూసుకోవడానికి గోవింద నామమే కొలత. నామం ఆగకుండా నోటికి వస్తుంటే సరే. మధ్యలో తెగి ఊపిరే మిగులుతుంటే తగ్గించండి. ఆగినప్పుడు దబ్బున కూర్చోకుండా కాసేపు నిలబడి ఊపిరి సర్దుకోనివ్వండి.

గుండెజబ్బు, ఆస్తమా, మూర్ఛ, అదుపులో లేని బీపీ, షుగరు ఉన్నవాళ్లు, అరవై దాటినవాళ్లు, బాగా బరువున్నవాళ్లు డాక్టరు సరేనంటే తప్ప మెట్లు ఎక్కవద్దు. బస్సులో పోయినా స్వామి దర్శనమే. మొక్కు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోమని ఏ దేవుడూ అడగడు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో ఎక్కితే చెమటలు పట్టి, చేతులు వణికి కళ్లు తిరుగుతాయి. జేబులో గ్లూకోజు పొడో బెల్లం ముక్కో పెట్టుకోండి. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లటి చెమట, వీటిలో ఏది వచ్చినా పైకీ వద్దు, కిందికీ వద్దు. ఉన్నచోటే కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయండి. పక్కనున్న స్తంభం మీదో మెట్టు మీదో అంకె కనిపిస్తే అదీ చెప్పండి, వచ్చేవాళ్లకు వెతుకులాట తప్పుతుంది. 1,500వ మెట్టు దగ్గర, గాలిగోపురం దగ్గర, భాష్యకార్ల (రామానుజాచార్యుల) సన్నిధి దగ్గర వైద్య సహాయం దొరుకుతుంది. ఎక్కేటప్పుడే వాటిని గుర్తుపెట్టుకోండి.

రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చి, దిగీ దిగగానే మెట్లు మొదలుపెట్టడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. కనీసం నాలుగు గంటలు నిద్రపోండి. ముందురోజు రాత్రి ఎనిమిదిలోపు తేలిగ్గా తినండి.

పసుపు మెట్లు

మెట్టుమెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించుకుంటూ ఎక్కేవాళ్లు ఈ దారిలో ఎప్పుడూ ఉంటారు. పొడి పసుపు ఏమీ చేయదు. దానిమీద మంచో వాన తుంపరో పడి ముద్దైతే, వట్టికాలు సర్రున జారుతుంది. మెట్టు అంచున వేళ్లు మాత్రమే మోపి ఎక్కే అలవాటుంటే మరీ ప్రమాదం. అరికాలు మొత్తం మెట్టు లోపలికి ఆనించండి. కర్పూరం వెలుగుతున్న మెట్ల పక్కన చీర కుచ్చిళ్లు, పంచె అంచు, చున్నీ పైకి దోపుకోండి. నైలాన్, పాలిస్టర్ బట్ట అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది, నూలు బట్టే మేలు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరుపతికి అసలు వానలు. 2021 నవంబరు వరదకు శ్రీవారి మెట్టు దారి బాగా దెబ్బతిని, నెలల తరబడి మూతపడింది. వాయుగుండం కబురుంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. దారిమీద కప్పు ఉందిగదా అనుకుంటారు గానీ, పైనుంచి మెట్ల మీదుగా దూకే నీళ్లను కప్పు ఆపలేదు.

గాలిగోపురం దాటాక

ఇక్కడినుంచి దారి కొంత చదునుగా ఉంటుంది, రెండు పక్కలా అడవి. ఒళ్లు తేలికపడి, గుంపు చెదిరేది ఇక్కడే. చిరుత పెద్దవాళ్ల గుంపు జోలికి రావడం అరుదు. విడిగా, చిన్నగా, వంగి కనిపించేవాటినే ఎంచుకుంటుంది. ముందు పరుగెత్తే పిల్లవాడు, చెప్పు సర్దుకోవడానికి వెనక ఆగిన పాప, పొదపక్కకు ఒంటికి పోయిన మనిషి దానికి సులువు. పిల్లలు గుంపు నడుమ, పెద్దవాళ్ల చేతిలో చెయ్యి వేసి నడవాలి. ముందొకరు, వెనకొకరు టార్చితో ఉండాలి. మరుగుదొడ్లు ఉన్నచోటే ఆగండి.

జింకలకు, కోతులకు తిండి పెట్టొద్దు. పారేసిన పులిహోర పొట్లానికి కుక్కలు, పందులు వస్తాయి, వాటి వెనకే చిరుత వస్తుంది.

చిరుత ఎదురుపడితే పరుగెత్తొద్దు, వెన్ను చూపొద్దు. పిల్లల్ని ఎత్తుకుని, అందరూ దగ్గరగా నిలబడి, చేతులు పైకెత్తి గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి జరగండి. ఎలుగుబంటి కనిపిస్తే మాత్రం అరుపులతో రెచ్చగొట్టకుండా, చడీచప్పుడు లేకుండా వెనక్కి తగ్గండి. టార్చి వెలుగు ఎప్పుడూ కాళ్ల ముందు రెండు గజాల దూరంలో పడాలి, పాములు మెట్ల అంచుల్లోనూ రాళ్ల సందుల్లోనూ ఉంటాయి.

మోకాళ్ల పర్వతం, తర్వాత

కాళ్లు అలిసిపోయాక నిటారు మెట్లు ఎదురవుతాయి. ఒకే కాలితో కాకుండా మార్చి మార్చి, కొంచెం అడ్డంగా వాలుగా ఎక్కితే మోకాలి మీద బరువు తగ్గుతుంది. పిక్క పట్టేస్తే రుద్దడం కంటే, కాలు చాపి వేళ్లను మీవైపు లాగడం త్వరగా పనిచేస్తుంది. నీళ్లు ఒక్కసారిగా తాగకుండా ఇరవై నిమిషాలకో అర గ్లాసు చొప్పున తాగండి. చెమట బాగా పట్టేవాళ్లు ఒక ఓఆర్ఎస్ పొట్లం కలుపుకోండి. ప్లాస్టిక్ సీసాలు కొండమీదికి రానివ్వరు, స్టీలు సీసా తెచ్చుకుని దారిలో కుళాయిల దగ్గర నింపుకోండి.

పెద్ద సంచులు అలిపిరిలో ఇచ్చేస్తే ఉచితంగా పైకి చేరుస్తారు. రసీదు మాత్రం తడవకుండా దాచుకోండి. మాత్రలు, పొడి చొక్కా, దుప్పటి ఆ సంచిలో పెట్టొద్దు, చేతిలోనే ఉండాలి. డిసెంబరు, జనవరిలో చెమటతో తడిసిన బట్టలతోనే క్యూలో కూర్చుంటే చలికి వణకాల్సి వస్తుంది.

దిగడం బస్సులోనే పెట్టుకోండి. ఎక్కేటప్పుడు ఊపిరి నొచ్చుకుంటుంది, దిగేటప్పుడు మోకాలి చిప్ప. ఆ నొప్పి ఒకటి రెండు రోజులకు గాని పూర్తిగా తెలియదు.