సంక్రాంతికి ఊరెళ్తూ కుక్కనో పిల్లినో అప్పగిస్తున్నారా?

మీరు లేనప్పుడు వాటిని చూసుకునేది నేనే. తాళాలు నా చేతికిచ్చే ముందు ఇవి చూసుకోండి.

– కుక్క మెడపట్టీ కింద రెండు వేళ్లు మాత్రమే దూరాలి. వదులైతే మొదటి రోజే తల తప్పించుకుని, మిమ్మల్ని వెతుక్కుంటూ గేటు దాటేస్తుంది. పట్టీకి వేలాడే బిళ్ల మీద చూసుకునేవాళ్ల ఫోన్ నంబరు కూడా ఉండాలి. ఊళ్లో మీకు సిగ్నల్ అందకపోవచ్చు.

– జ్వరమని ఎవరూ పారాసెటమాల్ వేయకూడదు. పిల్లికి ప్రాణాంతకం.

– పిల్లి రోజంతా తిండి ముట్టకపోతే డాక్టరుకు చూపించేందుకు అనుమతి, డబ్బు ముందే ఇవ్వండి. "అలిగిందిలే" అని వదిలేస్తే కాలేయం దెబ్బతింటుంది.

– రోజూ తినే తిండే ఇవ్వండి, కొలత గిన్నెతో సహా. ఉన్నట్టుండి మారిస్తే విరేచనాలు.

– కిస్‌మిస్ వేసిన పరమాన్నం కుక్కకు వద్దు, కిడ్నీలు పోతాయి. ప్రేమగా పెట్టేది ఎక్కువగా పక్కింటివాళ్లే. వాళ్లకూ చెప్పి వెళ్లండి.